పటంలో లేని గడప

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు. ఇంగ్లీషు నూలు మిల్లుల ఊళ్లోని కిల్న్ స్ట్రీట్‌లో అంత లోపలిదాకా పోనక్కర్లేదు, గడప చూస్తే చాలు. శుక్రవారం పొద్దున మిల్లు కూత కూసేలోపు ఆ వీధిలో ముప్ఫై రెండు ఇళ్ల రాతి గడపలూ కడిగి ఉండాలి. ప్రతి గడప అంచునా నాలుగు వేళ్ల వెడల్పున పసుపు రాయితో రుద్దిన పట్టీ ఉండాలి. పాతగుడ్డలు కొనేవాడు బండి తోసుకుంటూ వచ్చి గుడ్డలకు బదులు ఆ రాయి ఇచ్చిపోతాడు. ఇంట్లో రొట్టె లేకపోతే అది నాలుగు గోడల మధ్య సంగతి. గడప మాసిందంటే మాత్రం ఆ ఇంటి ఆడది చితికిపోయిందని వీధి వీధంతా చెప్పుకుంటుంది.

ఆ శుక్రవారం హెస్టర్ డక్‌వర్త్ వీధిలోకి వచ్చేసరికి తొమ్మిది దాటింది. ఆమె వస్తోందంటే దూరం నుంచే తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ చుట్టుపక్కల మిల్లు ఆడవాళ్లలో శాలువా తీసేసి టోపీ పెట్టింది ఆమె ఒక్కతే. పాతికేళ్లు మగ్గాల దగ్గర నిలబడి, ఆ రొదలో చెవులు సగం పోగొట్టుకుని, కిందటి డిసెంబరులో ఐక్య సహాయ సంఘంలో ఉద్యోగం సంపాదించింది. కొత్త ఆరోగ్య బీమా చట్టం కింద, జబ్బుచేసిన ఆడమనిషికి సంఘం వారానికి ఏడున్నర షిల్లింగులు ఇస్తుంది. ఆమెకు నిజంగా జబ్బుందో లేదో ఇంటికి వెళ్లి చూసి రాయడం హెస్టర్ పని. పేరుకు పరామర్శ, పనికి నిఘా. టోపీ వచ్చాక హెస్టర్ కళ్లు నెత్తికెక్కాయని కిల్న్ స్ట్రీట్ అనుకుంటోంది. అందులో కొంచెం నిజం లేకపోలేదు.

పందొమ్మిదో నంబరు ముందు ఆమె ఆగింది. గడప అద్దంలా ఉంది. పసుపు పట్టీ కొలబద్ద పెట్టి గీసినంత తిన్నగా ఉంది. హెస్టర్ దాన్ని తొక్కకుండా పెద్ద అంగ వేసి లోపలికి వెళ్లింది.

"వంగి రావే హెస్టర్, టోపీ గుమ్మానికి తగిలేను" అంది సెలీనా హార్‌గ్రీవ్స్.

సెలీనా మంచం ముందు గదిలోనే వేసుకుంది. మెట్లెక్కే ఊపిరి లేదు. ఇరవై రెండేళ్లు దూది ఏకే గదిలో పనిచేసిన ఛాతీ అది. గాలి లోపలికి పోయేటప్పుడు ఒక చప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఒక చప్పుడు. మంచం పట్టి ఐదు వారాలు. పక్కనే ముక్కాలిపీట మీద మందు సీసా, డాక్టరు చీటీ, సగం తాగి వదిలేసిన టీ కప్పు ఉన్నాయి.

"టీ పెట్టుకుందామంటే నువ్వే పెట్టుకోవాలి. నేను లేచి పెట్టానంటే బుక్కులో రాసేస్తావుగా."

"నాకేం వద్దు. ఎలా ఉందో చెప్పు."

"ఎలా ఉంటుంది? మంత్రిగారి మొహం చూస్తూ పడుకున్నాను, మహారాణీలాగ."

ఆమె చూపించిన చోట, పొయ్యి పైన, నల్ల చట్రంలో ఒక రంగుల పటం వేలాడుతోంది. కిందటి జూలైలో, ఉద్యోగం రాకముందే, సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి సభ్యుల్ని చేర్పించినప్పుడు హెస్టరే తెచ్చిచ్చిన పటం అది. వీధిలో చాలామంది దాన్ని అలమర్లో పరుచుకున్నారు. సెలీనా ఒక్కతే చట్రం కట్టించింది. కట్టించడమంటే కొత్తది కొనలేదు, మొగుడు ఆల్బర్ట్ ఫోటో ఉన్న చట్రంలోనే ఫోటో మీద ఈ పటం పెట్టి అద్దం బిగించింది. ఆల్బర్ట్ నవంబరులో పోయాడు. జూలై నుంచి వారం వారం బీమా కార్డు మీద చందా స్టాంపు బిళ్లలు అంటించుకుంటూ వచ్చాడు. సొమ్ము ఇవ్వడం మొదలైంది జనవరిలో. "వెనకాల ఉన్నాడులే, ఆయనకి చలి వెయ్యదు" అనేది సెలీనా.

పటంలో మంచం మీద జబ్బుపడ్డ కార్మికుడు దిండ్లకు ఆనుకుని ఉంటాడు. ఈ బీమా చట్టం తెచ్చిన మంత్రిగారు మంచి కోటు వేసుకుని పక్క కుర్చీలో కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసి ఉంటారు. వెనకాల పొయ్యి మండుతుంటుంది. పొయ్యి పక్కన కార్మికుడి భార్య చేతులు ఏప్రన్ కింద పెట్టుకుని నిలబడి ఉంటుంది. అడుగున పెద్ద అక్షరాలు: "ఇక మీకు దిగులు లేదు."

"ఐదు వారాల్నించి దాన్నే చూస్తున్నానే" అంది సెలీనా. "మగాడికి జబ్బుచేస్తే ఎంత దర్జా చూడు. ఆ ఇనప పొయ్యి చూడు, ఎలా మెరుస్తోందో! పాపం ఆ వెనకాల నిలబడ్డావిడ తెల్లారకుండా లేచి నల్లరంగు పూసి తోముంటుంది. మరి ఆవిడే పడిపోతే ఎవరు తోముతారో అందులో వెయ్యలేదు."

"నీకెప్పుడూ వేళాకోళమే."

"ఆవిడకి బీమా కార్డుందా అసలు?"

"మొగుడికి ఉంటుంది. పెళ్లానికి ఉండదు. పనిచేసేవాళ్లకే కార్డు."

"ఓహో. ఆవిడ పనిచెయ్యదన్నమాట!"

సెలీనా నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. హెస్టర్ ఆమె వీపు రాస్తూ కూర్చుంది, దుప్పటి కింద వెన్నుపూసలు ఒక్కొక్కటే చేతికి తగిలాయి. దగ్గు తగ్గాక హెస్టర్ బుక్కు తీసింది. ఆ బుక్కు తియ్యకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. కానీ ఆ ముందు వారమే సంఘం కార్యదర్శి క్రాబ్‌ట్రీ గారు ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు: "మీ వీధులవాళ్లని మీరు వెనకేసుకొస్తున్నారమ్మా. మీ నివేదికల్లో ఒక్క తప్పూ కనబడదు. పదిహేను వీధుల్లో ఒక్క ఆడదీ తప్పు చెయ్యదా?" ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

"గడప బాగుంది" అంది హెస్టర్.

"ఎప్పుడు బాగోలేదు?"

"ఎవరు కడిగారు?"

సెలీనా మొహంలో నవ్వు పోయింది. "నా గడప ఎవరు కడుగుతారు? నేనే."

"సెలీనా, ఆలోచించుకుని చెప్పు. సొమ్ము తీసుకుంటూ ఇంటిపని చెయ్యకూడదని నిబంధన. నువ్వు చెప్పింది నేను రాసుకోవాలి."

"రాసుకో. నా గడప ఇంకోళ్లు కడిగే రోజొస్తే, ఆ రోజు నన్ను ఇంట్లోంచి మోసుకుపోతుంటారు. అది కూడా రాసుకో."

హెస్టర్ రాసింది. సభ్యురాలు గడప కడిగినట్టు స్వయంగా ఒప్పుకున్నది. మందలించి వదిలేస్తారులే అనుకుంది. అనుకోవడానికేం, ఎవరైనా ఏమైనా అనుకోవచ్చు.

సోమవారం కమిటీ కూర్చుంది. ఐదుగురు మగవాళ్లు, ఐదు పొగాకు పైపులు. చెడ్డవాళ్లేం కాదు. ఒకడు చర్చిలో పాడతాడు, ఇంకొకడు సమ్మె రోజుల్లో తన గంజిలో పక్కింటి పిల్లలకు సగం పెట్టినవాడు. కానీ అయిదుగురిలో ఒక్కడికీ మోకాళ్ల మీద కూర్చుని గడప రుద్దిన అనుభవం లేదు. క్రాబ్‌ట్రీ గారు హెస్టర్ రాసింది చదివి వినిపించాడు.

"ఆమెకి నిజంగానే ఒంట్లో బాగాలేదండీ" అంది హెస్టర్ లేచి నిలబడి. "డాక్టరు చీటీ ఉంది."

"బాగాలేనిది గడప ఎలా కడిగిందమ్మా?"

నిజానికి ఆ ప్రశ్న తనే శుక్రవారం నాడు వేసుకుని ఉండాల్సింది. నాలుగు వారాల సొమ్ము నిలిపెయ్యాలని తీర్మానం రాసుకున్నారు. మంగళవారం ఉత్తరం వెళ్లింది. బుధవారం పొద్దున సెలీనా హార్‌గ్రీవ్స్ శాలువా కప్పుకుని, చెక్క బూట్లు వేసుకుని, గోడలు పట్టుకుంటూ మిల్లుకు వెళ్లింది. హెస్టర్‌కు ఆ సంగతి గురువారం సాయంత్రం రొట్టెల కొట్లో తెలిసింది. చెప్పిన మనిషి చెప్పి ఊరుకోలేదు. "నీ చెయ్యి చల్లగా ఉండాలి తల్లీ" అని కూడా అంది. హెస్టర్ రొట్టె కొనకుండానే ఇంటికి పోయింది.

మర్నాడు శుక్రవారం. మిల్లుకు పోకముందే సెలీనాను పట్టుకుని, డాక్టరు దగ్గరికి తీసుకుపోదామని హెస్టర్ తెల్లవారుతుండగా బయల్దేరింది. దీపాలు ఇంకా ఆర్పలేదు. వీధి పొడుగునా ఆడవాళ్లు మోకాళ్ల కింద గోనెపట్టాలు వేసుకుని గడపలు రుద్దుతున్నారు. చల్లటి గాలిలో రాయి మీద రాయి గరగరలాడుతోంది.

పందొమ్మిదో నంబరు గడప మీద ఎవరో వంగి ఉన్నారు. మందలిద్దామని హెస్టర్ గబగబా దగ్గరికి వెళ్లింది. చూస్తే సెలీనా కాదు. ఇరవై ఒకటో నంబరు బెట్సీ పిల్లింగ్. డెబ్బై ఏళ్ల మనిషి, ఒక మోకాలు వంగదు, ఆ కాలు పక్కకు చాపుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో పసుపు పట్టీ దిద్దుతోంది.

"బెట్సీ! ఇదేంటి?"

"ఇష్ష్!" ముసలామె తల ఎత్తకుండానే కసిరింది. "అరవకు. లోపల మేలుకునుంది."

"ఎన్నాళ్లనుంచి చేస్తున్నావిది?"

"అది మంచం పట్టినప్పట్నించీ. తెల్లారకముందే కానిచ్చేస్తాను. వీధి చూసినా నోరెత్తదు, దానికి తెలీదు. తెలీనట్టుంటుంది. నాకదే చాలు. నువ్వు గానీ ఎక్కడైనా నోరు జారావో, చూసుకో అమ్మాయ్."

అంతలో తలుపు గడియ కదిలింది. బెట్సీ రాయిని ఏప్రన్ జేబులో వేసుకుని, బకెట్టు తన గుమ్మంవైపు తోసి, తన గడపే కడుగుతున్నట్టు అటు తిరిగింది. సెలీనా బయటికొచ్చింది. తల మీదుగా శాలువా, చేతిలో అన్నపు డబ్బా. గడప అంచు ఇంకా తడిగా ఉంది. ఆమె కిందికి చూడలేదు. చూడకుండానే సరిగ్గా ఆ పట్టీ దాటేలా కాలు చాపి వీధిలోకి దిగింది.

"ఇవాళ చలి బాగా ఉంది బెట్సీ" అంది.

"ఉందే పిల్లా. మెడకి బాగా చుట్టుకో" అంది బెట్సీ, తల తిప్పకుండా.

అంతే. ఆ ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు. ఆరు వారాలుగా ఉన్నది అంతే. హెస్టర్ అక్కడ చెట్టంత మనిషి నిలబడి ఉన్నా, సెలీనా ఆమెవైపు ఆఖరున గానీ చూడలేదు. చూసి, "నమస్కారం డక్‌వర్త్ గారూ. మీ నిబంధన ప్రకారం సాయంత్రం ఏడు గంటలు కొట్టాక బయట తిరగట్లేదండి నేను. పొద్దున తిరగొచ్చో లేదో మీ బుక్కులో చూసి చెప్పండి" అంది. గారూ, అండీ, మీరూ. పదేళ్లప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న మనిషి. ఒక తిట్టు తిట్టినా హెస్టర్‌కు ఇంత నొప్పి పుట్టేది కాదు.

"డాక్టరు దగ్గరికి పోదాం రావే" అంది.

"మిల్లు తలుపేసేస్తారండీ" అని సెలీనా గోడ పట్టుకుని నడిచిపోయింది.

శనివారం పొద్దున్నే హెస్టర్ క్రాబ్‌ట్రీ గారి బల్ల ముందు నిలబడింది. గడప కడిగింది సెలీనా కాదు, పక్కింటావిడ, నేను కళ్లారా చూశానని చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాపం ఆయనా ఆలోచించాడు. "సభ్యురాలే తను కడిగానని చెప్పింది కదమ్మా. తను చెప్పింది అబద్ధమని, పక్కింటావిడే కడిగిందని ఒక కాగితం మీద సంతకం పెడితే, కమిటీ ముందు పెడతాను." కాగితం కూడా ఆయనే రాసిచ్చాడు. చక్కటి దస్తూరీ.

శనివారం మిల్లు మధ్యాహ్నానికే వదిలేస్తుంది. హెస్టర్ వెళ్లేసరికి సెలీనా బూట్లయినా విప్పకుండా మంచం మీద అడ్డంగా పడుకుని ఉంది. బెట్సీ కాళ్ల దగ్గర కూర్చుని బూట్ల కొక్కేలు విప్పుతోంది. పొయ్యి మీద బంగాళదుంపల ముద్ద ఉడుకుతోంది. సెలీనా పెదవులు నీలంగా ఉన్నాయి. జుట్టులో, కనుబొమల్లో తెల్లటి దూది నూగు ఉంది, తుడుచుకునే ఓపిక కూడా లేదు.

"సెలీనా" అని మొదలుపెట్టింది హెస్టర్, కాగితం తీసి. "ఒక్క సంతకం పెట్టు. నీ సొమ్ము మళ్లీ వస్తుంది. గడప నువ్వు కాదు..."

సెలీనా చెయ్యెత్తింది. బెట్సీ అటు తిరిగి బూట్లు పొయ్యి పక్కన పెడుతోంది. అప్పుడు సెలీనా గొంతు లేకుండా పెదవులతో మాట్లాడింది. మిల్లులో యంత్రాల రొద మధ్య ఆడవాళ్లంతా అలాగే మాట్లాడుకుంటారు, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారు. పాతికేళ్లు అలా చదివిన కళ్లు హెస్టర్‌వి. ఒక్క మాట కూడా పోలేదు.

"ఆవిడ ముందు వద్దు. ప్రతి శుక్రవారం నాకు వినబడుతుంది. తెలీనట్టే ఉండనీ. ఆవిడకి మిగిలింది అదొక్కటే, నాకు మిగిలింది అదొక్కటే."

బెట్సీ ఇటు తిరిగింది. "ఏంటే, ఇద్దరూ మూగనోము పట్టారా?"

"ఏం లేదు" అంది సెలీనా గొంతుతో. "డక్‌వర్త్ గారు నన్ను అబద్ధాలకోరునని సంతకం పెట్టమంటున్నారు. నేను పెట్టను. నా గడప నేనే కడుక్కున్నాను."

బెట్సీ చెయ్యి ఏప్రన్ జేబు మీదికి పోయి అక్కడే ఆగింది. పొయ్యి పైనుంచి మంత్రిగారు కార్మికుడి భుజం మీద చెయ్యివేసి చూస్తున్నారు. హెస్టర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్లీ సంచీలో వేసుకుంది. ఇంటికి పోతూ దారిలో ఏడ్చింది. టోపీ పెట్టుకుని వీధిలో ఏడవడం ఎంత అసహ్యంగా ఉంటుందో కూడా ఆమెకు తెలుసు, అయినా ఆగలేదు.

ఆదివారమంతా ఆలోచించింది. సోమవారం కమిటీ ముందు లేచి నిలబడింది.

"హార్‌గ్రీవ్స్ సంగతి నేను తప్పు రాశానండీ. ఆమె ఏమీ ఒప్పుకోలేదు. గడప శుభ్రంగా ఉంటే చూసి, ఆమే కడిగిందని నాకు నేనే అనుకుని రాసేశాను."

ఇది అబద్ధం. ఆమె జీవితంలో కాగితం మీదికెక్కిన మొదటి అబద్ధం. శనివారం తను రాసిచ్చిన కాగితం సంగతి క్రాబ్‌ట్రీ గారు ఎత్తలేదు. ఆయనకు అర్థమైందో లేదో ఎవరికీ తెలీదు.

"వినని మాట విన్నానని రాసే మనిషి ఈ పనికి పనికిరారమ్మా" అన్నాడు. "ఈ వారంతో సరి."

"సరేనండి. ఆమె సొమ్ము?"

"ఇస్తాం. ఆగిపోయిన వారంతో కలిపి ఇస్తాం."

హెస్టర్ ఆ ఉత్తరం తనే చేతికి అడిగి తీసుకుని వీధి వెంట దాదాపు పరుగెత్తింది. పందొమ్మిదో నంబరు తలుపు తీసే ఉంది. ఆ మధ్యాహ్నమే దూది గదిలో సెలీనా పడిపోయింది. ఇద్దరు ఆడవాళ్లు చేతుల మీద మోసుకొచ్చి పడుకోబెట్టారు. డాక్టరు వచ్చి చూసి, దుప్పటి మెడదాకా కప్పి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. హెస్టర్ ఉత్తరం విప్పి ఆమె కళ్ల ముందు పట్టుకుంది. సెలీనా చదివిందో లేదో, కళ్లు మాత్రం దాని మీద కాసేపు నిలిచాయి. తర్వాత పెదవులు కదిలాయి. హెస్టర్ వంగి చూసింది. "టోపీ తియ్యవే, వెలుగుకి అడ్డమొస్తోంది." తియ్యవే అంది. గారు లేదు. హెస్టర్ టోపీ తీసి మంచం కింద పడేసింది.

బుధవారం చీకటి పడకముందే సెలీనా పోయింది.

శుక్రవారం పొద్దున హెస్టర్ శాలువా కప్పుకుని వచ్చింది. ఆ రోజే అంత్యక్రియలు. ఇంట్లో కిటికీ తెరలు దించేశారు. చావు ఇంట ఆచారం కాబట్టి అద్దాన్నీ పటాన్నీ గోడవైపు తిప్పారు. బెట్సీ ఆ పటాన్ని దించి బల్ల మీద బోర్లా పెట్టి, వెనక చిన్న మేకులు కత్తితో పీకుతూ కూర్చుంది.

"ఆల్బర్ట్ ఫోటో దాని పక్కన పెట్టి పంపాలి" అంది. "నాకు ఊడి రావట్లేదు. నువ్వు పీకమ్మా."

హెస్టర్ మేకులు పీకింది. అట్ట తీసేసరికి ఆల్బర్ట్ బయటికొచ్చాడు, ఆదివారం కోటులో, గట్టిగా బిగించిన మొహంతో. బెట్సీ ఫోటోను ఏప్రన్ అంచుతో తుడిచి శవపేటికలో సెలీనా చెయ్యి కింద పెట్టింది. చట్రంలో మంత్రిగారి పటం ఒక్కటే మిగిలింది. వెనకాల ఏమీ లేక కాగితం వదులుగా కిందికి జారింది.

"అది నువ్వు తెచ్చిందే. నువ్వే తీసుకుపో" అంది బెట్సీ. కోపంగా అనలేదు. అందుకే మరీ తగిలింది.

ముసలామె మేకులు ఏరుకుంటూ మళ్లీ మాట్లాడింది. "బుధవారం మధ్యాహ్నం దానికి కాస్త తేటగా ఉంది. నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'బెట్సీ, నువ్వు నా గడప కడుగుతుంటే ప్రతివారం నాకు వినబడేదే. నీ మోకాలు నొప్పి కూడా వినబడేది. నీ రుణం తీర్చుకోలేను' అంది. నువ్వు రాసింది తను చెప్పిందేనని, నిన్ను ఏమీ అనొద్దని కూడా అంది." ఆమె ఏప్రన్‌తో మొహం కప్పుకుంది. "ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా అది. ఇరవై ఏళ్లు పక్కపక్కన ఉన్నాం, ఒక్కనాడూ నాతో రుణం అన్న మాట అనలేదు. ఆ మాట నోట వచ్చిందో లేదో, ఇక దక్కదని నాకు తెలిసిపోయింది."

హెస్టర్ పటాన్ని గోడకు ఆనించింది. వెనకాల నిలబడ్డ ఆ ఇల్లాలి చేతులు ఏప్రన్ కింద ఉన్నాయి. ఆ చేతుల్లో ఏముందో గీసినవాడికి తట్టలేదు. ఇల్లంతా గీశాడు గానీ గడప గీయలేదు.

బయట శవబండి చప్పుడు దగ్గరవుతోంది. వీధిలో గడపలన్నీ కడిగి ఆరిపోయాయి. పందొమ్మిదో నంబరుది మాత్రం కిందటి వారం అడుగులతో మాసి ఉంది. బెట్సీ గుమ్మం పట్టుకుని, వంగని కాలు చాపుకుని, కూర్చోబోయింది.

"లే బెట్సీ. రాయి ఇటియ్యి" అంది హెస్టర్.

"నువ్వు చెయ్యగలవా? పట్టీ వంకర పోతుందేమో."

"పాతికేళ్లు నా గడప నేనే కడుక్కున్నాను."

ఆమె గోనెపట్టా వేసుకుని మోకాళ్ల మీద కూర్చుంది. వీధి అవతల ఆడవాళ్లు తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. ముందు నీళ్లు పోసి బ్రష్షుతో తోమింది. గుడ్డతో తుడిచింది. తర్వాత పసుపు రాయి తడిపి, ఎడమ నుంచి కుడికి, ఊపిరి బిగపట్టి పట్టీ లాగింది. చివర దగ్గర పట్టీ కొంచెం వంకర పోయింది. అక్కడ మళ్లీ దిద్దింది.

శవపేటిక మోసేవాళ్లు నలుగురూ గుమ్మంలోకి వచ్చి కింద చూశారు. తడి ఆరలేదు. నలుగురూ పట్టీ మీద కాలు పడకుండా పెద్ద అంగ వేసి, సెలీనాను వీధిలోకి దించారు.